నాన్న చొక్కాలు

బీరువాలో నాన్న చొక్కాలు ఆరు ఉండాలి. నాలుగే ఉన్నాయి.

నాన్న సరుకు ఓడలో మెకానిక్. ఎక్కడో పరాయి రేవులో ఆ ఓడను అక్కడివాళ్ళు పట్టుకుని ఆపేసి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి ఫోన్ లేదు, కబురు లేదు. అడిగినవాళ్ళందరికీ అమ్మది ఒకటే జవాబు: "దేవుడి మీద భారం వేశాను. వస్తారు."

"అమ్మా, నాన్న చొక్కాలు రెండు కనబడ్డం లేదు."

"డిగ్రీ చదివింది చొక్కాలు లెక్కపెట్టడానికా? ఉతకడానికి తీశాను."

తీగ మీద లేవు, బకెట్లో లేవు. మర్నాటికి మరొకటి తగ్గింది. చనిపోయినవాళ్ళ బట్టలే ఇలా ఒక్కొక్కటిగా ఇల్లు దాటతాయి. పైకి దేవుడంటూనే లోపల ఆశ వదిలేసుకుందన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం అమ్మ సంచీ పట్టుకుని బయల్దేరితే వెనకాలే వెళ్ళాను. వీధి చివర దర్జీ దుకాణంలోకి వెళ్ళింది. నేను తలుపు పక్కనే ఆగాను.

"ముందు ఆయన్ని రానివ్వండమ్మా. కొలత చూసి తగ్గిస్తాను," అంటున్నాడు దర్జీ.

"దేవుడు తెచ్చేటప్పుడు మనకి చెప్పి తెస్తాడా అన్నా? రెండంగుళాలు తగ్గించు. అక్కడ తిండి సరిగా ఉండదు కదా, చిక్కిపోయి వస్తారు."

దర్జీ కత్తెర తీశాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గుడ్డ కోయకు, లోపలికి మడిచి కుట్టు. ఇంటికొచ్చాక నెల తిరక్కుండా మళ్ళీ ఒళ్ళు చేస్తారు."