మూడో వరుసలో ఖాళీ

బీపీఎడ్ శిక్షణలో అది నా చివరి పాఠం. మార్కులు వేయడానికి యూనివర్సిటీ నుంచి లెక్చరర్ వచ్చారు. భద్రాచలం అడవిలోని ఓ ఆశ్రమ పాఠశాల మైదానంలో పిల్లల్ని డ్రిల్లుకు నిలబెట్టాను.

"మూడో వరుసల గా ఖాళీ ఏందమ్మా? వెనకోళ్లను ముందుకు జరుపు," అన్నారాయన.

విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదలేకపోయాను.

"అది జోగమ్మ జాగ, సార్," అంది ఖాళీ వెనకున్న పిల్ల. "పోయిన శుక్రవారం జరమొచ్చి సచ్చిపోయింది. మేం జరగం."

"గట్లనే ఉండనియ్," అన్నారు లెక్చరర్ నాతో.

డ్రిల్లు అయ్యాక నా రికార్డు పుస్తకం తీసుకున్నారు. "మార్కుల కోసం ఆ ఖాళీ నింపలే నువ్వు. పిల్లల మనసు తెలిసిన టీచరువైతవు," అంటూ చివరి పేజీలో ఇరవైకి ఇరవై వేసి సంతకం పెట్టారు.

పేజీలు వెనక్కి తిప్పలేదు. తిప్పి ఉంటే, ఆ శుక్రవారానికి ముందు సోమవారం నేను రాసింది కనబడేది:

'జోగమ్మ. జ్వరమని సాకు చెప్పింది. శిక్ష: మైదానం చుట్టూ అయిదు రౌండ్లు. అయిదూ పరిగెత్తింది.'