అన్నయ్య విడిచిన బూట్లు

“మళ్ళీ మడమలు తొక్కేశావా? ఇవి బూట్లనుకున్నావా, చెప్పులనుకున్నావా?” అంది తల్లి.

చిన్నాడు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆ ఇంట్లో బూట్లు పెద్దాడికే కొంటారు. వాడికి బిగుతయ్యాక తమ్ముడికి వస్తాయి. ఎదిగే పిల్లలకు అంతకన్నా ఎందుకని ఆమె వాదన.

“నా కళ్ళముందు వేసుకో,” అని వాడి పాదం పట్టుకుని బూటులోకి తోసింది. వాడు పళ్ళు బిగబట్టాడు. ఆమె బూటు తీసి, మేజోడు లాగి చూస్తే బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది.

పెద్దాడు స్నానానికి వెళ్ళాడు. వాడు ఇప్పుడు తొడుక్కునే బూటు తెచ్చి చిన్నాడి పాదం పక్కన పెట్టింది. అదీ చాలదు.

“ఎన్నాళ్ళయిందిరా?”

“సెలవుల్నించి. అన్నయ్యకి చెప్పకమ్మా. ఇప్పటికే వాణ్ణి బళ్ళో నా తమ్ముడంటున్నారు.”

ఆమె పెద్దాడి బూటు తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర భర్తతో అంది: “ఈసారి ఇద్దరికీ కొత్త బూట్లు కొందాం.”

“చిన్నాడికి వీడివి సరిపోతాయిగా?” అన్నాడాయన, పక్కన కూర్చున్న పెద్దాణ్ణి చూపిస్తూ.

చిన్నాడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఒకరు విడిచినవి ఒకరికి ఇక వద్దు. రేపు చిన్నాణ్ణి నేను తీసుకెళ్తాను. ఎల్లుండి పెద్దాణ్ణి మీరు తీసుకెళ్ళండి.”

“ఒకే కొట్టుకి రెండుసార్లు తిరగడమెందుకే?”

“తిరుగుదాం,” అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా.