కునుకు మేస్త్రి

ఆ పొద్దున ఆకాశం కురవాలా మానాలా తేల్చుకోలేక, మబ్బుల్ని ఇళ్ల మీదికి దించుకుని కూర్చుంది.

వీధిలో అప్పటికే రేకుల మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

కిటికీ పక్క మంచం మీద రెండేళ్ల గువ్వ ఆ దెబ్బలకు తగ్గట్టు తల ఊపుతోంది. గుండెలో చిల్లుకు ఆపరేషన్ అయి మొన్ననే ఇంటికొచ్చింది. గౌను మెడ దగ్గర కట్టు తెల్లగా కనబడుతోంది.

"టక్ టక్!" అంది, ఎదురు కొట్టు వైపు వేలు చూపించి.

తాత మనవరాల్ని పాలకుండ ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి పిర్రల కింద. చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"వెక్కి వెక్కి ఏడవనివ్వకండి, కుట్లు తట్టుకోవు. కంటినిండా నిద్రపోనివ్వండి. సగం మందు అదే."

ఆ సగం మందు తన వంతని తాత ఆ రోజే తేల్చేశాడు.

పాప కళ్లు బరువెక్కగానే కిటికీకి నీలం తెర లాగేవాడు. ఛాతీ జోలికి పోకుండా తొడ మీద మెల్లగా జోకొట్టేవాడు. అంతే, గువ్వ నిద్రలోకి జారిపోయేది.

"చూశావా అమ్మాయ్?" అనేవాడు కోడలితో. "మిల్లులో మొండి మిషన్లనే దారికి తెచ్చిన చెయ్యి ఇది. పసిగుడ్డు ఒక లెక్కా?"

"మీ చేతిలో ఏదో మహత్తుంది మామయ్యా. నేను జోకొడితే నాకే నిద్రొస్తుంది."

భోజనాల దగ్గర రోజూ ఈ చేతి కథే. కొడుకు నవ్వు దాచుకోవడానికి ముద్ద పెద్దది చేసేవాడు.

పాప పడుకున్నాక తాత గుమ్మంలో కుర్చీ వేసుకునేవాడు. ఎదురుగా రేకుల మేస్త్రి కొట్టు. బకెట్లు, పెట్టెలు చేస్తాడు. ఈ మధ్యే అద్దెకు దిగాడు.

తాత ఎప్పుడు చూసినా మేస్త్రి సుత్తి కిందే ఉండేది. చేతులు ఒళ్లో ఉండేవి.

పనివేళలో పనిముట్టు దించి ఎరగని తాతకు ఒళ్లు మండేది.

"ఏమయ్యోయ్! నేను జోకొట్టింది నా మనవరాల్ని. నీకెందుకొచ్చింది కునుకు?"

మేస్త్రి నవ్వేవాడు. "చేతులు కాస్త ఆరనీ పెద్దాయనా. పాపకెలా ఉంది?"

"పాపకు నేనున్నా. నువ్వు నీ బకెట్ల సంగతి చూసుకో. మా మిల్లులో అయితే నీలాంటోణ్ణి గేటు దాటనిచ్చేవాళ్లు కాదు."

"నిజమే," అనేవాడు మేస్త్రి, గొంతు పెంచకుండా.

కునుకు మేస్త్రి అని పేరు పెట్టింది తాతే. వీధంతా దాన్నే ఖాయం చేసింది.

ఒకసారి హోటలాయన పెద్ద డబ్బాలు చేయించుకుందామని వచ్చాడు. ముందు తాత దగ్గర ఆగి వాకబు చేశాడు.

"ఈ మేస్త్రి పనిమంతుడేనా?"

"వాడా? గంటసేపు పనిచేస్తే రెండు గంటలు కునుకు. నీ డబ్బాలు నీ మనవలు అందుకుంటారు!"

హోటలాయన పగలబడి నవ్వి వేరే కొట్టు వెతుక్కుంటూ పోయాడు.

మేస్త్రికి ఆ మాటలు వినపడ్డాయి. కిటికీ వైపు ఓసారి చూశాడు. ఒళ్లోంచి చేతులు తీయలేదు.

పాపను మళ్లీ చూపించే రోజు వచ్చింది. కొడుకు సెలవు పెట్టాడు. డాక్టరమ్మ కట్టు విప్పి ముచ్చటపడింది.

"భలే మానింది! బాగా నిద్రపోయినట్టుందే. ఎవరు చూసుకున్నారు?"

తాత అరచెయ్యి చాపి చూపించాడు. "ఇదేనమ్మా!"

కోడలు కళ్లు తుడుచుకుంది. ఇల్లు చేరేదాకా తాత కాలు నేల మీద ఆనలేదు.

రాగానే నీలం తెర లాగాడు. జోకొట్టాడు. గువ్వ రెప్పలు వాలాయి.

ఎదురుగా దబదబా సుత్తి మోగింది.

గువ్వ ఉలిక్కిపడి లేచింది. తాత మళ్లీ జోకొట్టాడు. మళ్లీ మోత. పాప పెదవి విరిచి ఏడుపందుకుంది.

"ఇవాళ మీ చేతికేమైంది మామయ్యా?" కోడలు పాపను ఒళ్లోకి తీసుకుంది.

తాత అరచెయ్యి చూసుకున్నాడు. అదే చెయ్యి. విసవిసా వీధి దాటాడు.

కొట్లో ఎవరో కొత్త మనిషి.

"కునుకు మేస్త్రి ఏడీ?"

"మేస్త్రన్న సంగతా? గిరాకీ లేదని కొట్టు నాకొదిలేశాడు. పొద్దున్నే సామాను సర్దుకెళ్లాడు."

"ఎక్కడికి?"

"పని దొరికిన చోటికి అన్నాడు." కొత్తవాడు కిటికీ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. గబుక్కున సుత్తి దించేశాడు. "ఏమనుకోకు పెద్దాయనా. తాళంచెవి ఇస్తూ మరీ మరీ చెప్పాడు. నేనే మరిచిపోయా."

తాత తిరిగి వచ్చేసరికి గువ్వ నిద్రపోతోంది. జోకొట్టిన వాళ్లెవరూ లేరు.

కోడలు చప్పుడు కాకుండా కంచాలు పెట్టింది. "ఏమంటాడు మామయ్యా ఆ కునుకు మేస్త్రి?"

"అలా పిలవకమ్మా," అన్నాడు తాత. "ఈ వీధిలో పనిమంతుడంటూ ఉంటే ఆయనొక్కడే."

కొడుకు తలెత్తి చూశాడు.

"నీలం తెర పడితే సుత్తి దించెయ్, లోపల పాప పడుకుంటుంది అని కొత్తవాడికి అప్పజెప్పి మరీ వెళ్లాడట."

తాత డాక్టరమ్మకు చూపించిన ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాడు, మేస్త్రి వదిలివెళ్లిన ఆ నిశ్శబ్దంలోనే ముగ్గురూ భోజనం చేశారు.