పందొమ్మిదికి సున్నా

“భలే కొట్టావ్ నాయనా!” పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

పాయింటు నీలం చొక్కా ఆటగాడిదే. అయినా పెద్దాయన మొహం పాలిపోయింది. నెత్తిన కొత్త నీలం టోపీ, ధర చీటీ వెనక ఇంకా వేలాడుతూనే ఉంది. అవతలి తెల్ల చొక్కా వైపు ఆయన కన్నెత్తి చూడడం లేదు.

“కూర్చోండి బాబాయిగారూ, బీపీ పెరుగుతుంది,” అంది పక్క సీటు టీచరమ్మ. “కన్నవాళ్లకి తప్పదు లెండి ఈ కంగారు.”

“తప్పదమ్మా. ఇవాళ ఓడితే మావాడు ర్యాంకుల్లో మొదటి వందమందిలోంచి జారిపోతాడు. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. మళ్లీ కిందనుంచి పాకి రావడం వాడివల్ల కాదు.”

ఆయన ఒళ్లో నోటుబుక్కు తెరిచి ఉంది. కొడుకు పదకొండేళ్ల టెన్నిస్ ఆట: గెలుపులు రెండొందల పదకొండు, ఓటములు రెండొందల తొమ్మిది. అడుగున ఎర్ర సిరాతో ఇంకో లెక్క. టీచరమ్మ తొంగిచూసింది. ‘నేను వెళ్లి చప్పట్లు కొట్టిన మ్యాచ్‌లు పందొమ్మిది. గెలిచినవి సున్నా.’

“అయ్యబాబోయ్, ఒక్కటి కూడానా!”

“మా ఆవిడ నన్ను ఐరన్ లెగ్ అంటుంది. ఐదేళ్లుగా స్టేడియం గడప తొక్కనివ్వలేదు.”

“మరి ఇవాళెలా వచ్చారు?”

“నా వంతు సాయం చేద్దామని.”

సాయమంటే ఇంట్లో కూర్చోవడమే కదా అనుకుని టీచరమ్మ నవ్వాపుకుంది.

ఆఖరి సెట్టు, టైబ్రేకు. ఐదు-ఆరు దగ్గర నీలం చొక్కా ఏస్ కొట్టి సమం చేశాడు. పెద్దాయనకి గుండె జారినంత పనైంది. అయినా అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాడు. మరుక్షణం నీలం చొక్కా డబుల్ ఫాల్టు చేశాడు.

“నువ్వే గెలవాలి నాయనా!” పెద్దాయన గొంతు చించుకున్నాడు.

నీలం చొక్కా కొట్టిన తర్వాతి బంతి నెట్టుకి తగిలి తనవైపే పడింది. ఆట అయిపోయింది.

పెద్దాయన సీట్లో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీచరమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఆయన వీపు నిమిరింది.

“ఊరుకోండి బాబాయిగారూ. ఆటన్నాక గెలుపోటములు మామూలే.”

ఆయన పెన్ను తీసి, పందొమ్మిది కొట్టేసి ఇరవై వేశాడు. సున్నాని అలాగే ఉంచాడు.

ఇంతలో చెమటతో తడిసి ముద్దయిన తెల్ల చొక్కా ఆటగాడు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, ఆయన ముందు నిలబడ్డాడు.

“ఇక ఆ టోపీ తీసెయ్యి నాన్నా, గెలిచాం!”