డాలు మీద సూది

"సూది ఇంకాస్త పెద్దదిగా వెయ్యండి," అన్నాడు కొత్త బిషప్పు.

చిత్రకారుడు ఆయన అధికార చిహ్నాన్ని బల్ల మీద పరిచాడు. పైన ఆకుపచ్చ టోపీ, దానికి రెండు వైపులా కుచ్చులు, మధ్యలో డాలు మీద శిలువ, శిలువ కింద దారం ఎక్కించిన సూది.

"వివరణలో సూదికి అర్థం ఏమని రాయమంటారు?"

"వినయానికి గుర్తు అని రాయండి."

కిటికీ పక్కన కూర్చున్న తల్లి లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని బొమ్మ చూసింది. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి కొడుకుని చదివించిన మనిషి ఆమె.

"చాలా బాగుంది నాన్నా. ఈ సూది ఎవరిదని అడిగితే, బట్టలు కుట్టే ఆవిడదని చెప్పు చాలు. నీకు ఇబ్బంది ఉండదు."

బిషప్పు చప్పున తల్లి వైపు తిరిగాడు. ఫాదర్ కావడానికి సెమినరీలో చదువుకి చేరిన కొత్తలో ఆమె తనను చూడటానికి వచ్చినప్పుడు, ఆవిడెవరని అడిగిన స్నేహితులతో ఆయన అన్న మాట అదే. "మా బట్టలు కుట్టే ఆవిడ." ఆమె అప్పటికే వరండా దాటి వెళ్ళిపోయిందనుకున్నాడు.

"ఆ రోజు విన్నావా అమ్మా?"

"చిన్నతనం. పోనీలే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయన తలెత్తలేకపోయాడు. ఇన్నేళ్ళూ తన దగ్గర ఒప్పుకున్న ఎందరి తప్పులనో విని వాళ్ళని ఓదార్చాడు. తన ఈ ఒక్క తప్పు మాత్రం ఎవరి ముందూ విప్పలేదు.

చిత్రకారుడు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"వినయం అన్న మాట కొట్టెయ్యండి. 'మా అమ్మ సూది' అని రాయండి," అన్నాడు బిషప్పు. "ఈవిడే మా అమ్మ. ఒకప్పుడు కాదన్నాను."

తల్లి కంగారుపడింది. "ఊరుకోరా, పరాయివాళ్ళ ముందు ఏంటా మాటలు!"

"అప్పుడన్నది కూడా పరాయివాళ్ళ ముందే కదమ్మా."