పదిహేడు తప్పులు

రమ్యకి రోతగా ఉంది. రొయ్యల తలకాయల కంపుకి కాదు. ఆ కంపు కొట్టే అమ్మ చీర కొంగు కిందే పడుకుని పెరిగింది.

ఆమెకి రోత పుట్టిస్తున్నది వదిన.

రొయ్యల షెడ్డు ఆఫీసు గదిలో, డబ్బాలాంటి కంప్యూటర్ ముందు రమ్య తల్లి యేసమ్మ కూర్చుంది. పక్క కుర్చీలో ఇస్త్రీ చుడీదారులో కోడలు లిడియా. ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్ను. అత్తగారు తడబడినప్పుడల్లా ఒక గీత, దాని పక్కన ఒక ముక్క.

మేనేజర్ అప్పారావు సూటిగానే చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి రొయ్యలు ఒలిచేవాళ్ళు ఎవరి ట్రేల లెక్క వాళ్ళే కంప్యూటర్లో ఎక్కించుకోవాలి. ముందు యేసమ్మ చేత చేయించి చూస్తారు. ఆమెకి వస్తే సరే. రాకపోతే ఆమే, ఆ వయసు వాళ్ళూ ఇంటికే. పద్నాలుగేళ్ళు ఐసు నీళ్ళలో చేతులు నానబెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి.

ఆ మనిషిని పరీక్ష చేసేది కోడలు!

లిడియా నాలుగు నెలలుగా గుండుగొలను నుంచి రోజూ ఏలూరు వెళ్ళి కంప్యూటర్ తెరలు తయారుచేసే కోర్సు నేర్చుకుంటోంది. తెర మీద ఏ పెట్టె ఎక్కడుండాలి, ఏ బటన్ నొక్కితే ఏ తెర రావాలి, అదీ చదువు. మొదటి నెలంతా కాగితాల మీద బటన్లు గీసి, కత్తిరించి, అన్నం గిన్నెల పక్కన పరిచేది. రెండో నెల సాఫ్ట్‌వేర్ పట్టుబడక ఏడ్చింది. ఒక పెట్టెని జరిపితే నాలుగు జరిగేవట. వెనక్కి పోవాల్సిన తెర ముందుకి పోయేదట.

"పోన్లే అమ్మా, నేను పనిలో చేరిన రోజున రొయ్య కంటే నా వేలే ఎక్కువ ఒలుచుకున్నాను," అని నవ్వి, వంటపని తన మీద వేసుకున్నది యేసమ్మే.

ఇప్పుడీ షెడ్డు కోసం లిడియా ఒక తెర నమూనా గీసింది. యేసమ్మ ముందున్నది అదే. కంపెనీ దాన్ని తీసుకుంటే కోర్సు సెంటర్లోనే ఉద్యోగమిస్తానని అక్కడి సారు మాటిచ్చాడు. అందుకే కాబోలు ఈ కర్కశత్వం.

తెర మీద పేర్ల జాబితా వచ్చింది. యేసమ్మ పైనుంచి కిందకి వెతికింది. కిందనుంచి పైకి వెతికింది. షెడ్డులో ఆమెని పేరుతో పిలిచేదెవరు? అందరికీ ఆమె నలభై రెండో నంబరు. జాబితాలో నంబర్లు లేవు.

"అమ్మా, ఆ కింద..." అంది రమ్య.

"చెప్పకు రమ్యా," అంది లిడియా తలెత్తకుండా.

"చెబితే నీ సొమ్మేం పోతుంది వదినా?"

"చెప్పకూడదు. అంతే."

గీత పడింది.

ఎలాగో పేరు దొరికింది. యేసమ్మ ట్రేల సంఖ్య కొట్టింది. మౌస్ పట్టడం రమ్యే తను పాఠాలు చెప్పే స్కూల్లో వారం రోజులు నేర్పింది. ఇక మిగిలినవి రెండు బటన్లు. రెండింటి మీదా ఇంగ్లీషు ముక్కలు. ఎర్రది నొక్కితే లెక్క ఎక్కుతుంది. నీలంది నొక్కితే మొత్తం చెరిగిపోతుంది.

యేసమ్మ బాణం గుర్తుని ఎర్రదాని మీదకి తెచ్చి, చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంది. నీలంది నొక్కింది. తెర ఖాళీ.

గీత.

మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ నీలందే.

"ఎర్రదే అమ్మా!" అని అరిచేసింది రమ్య.

"ఎర్ర టబ్బులో కుళ్ళినవి కదే పడేస్తాం," గొణిగింది యేసమ్మ. "మంచి సరుకు అందులో ఎలా వేస్తానే?"

కిటికీ దగ్గర మూగిన ఆడవాళ్ళలో ఒకావిడ కిసుక్కుమంది. "కోడలు పంతులమ్మ, అత్త బళ్ళో పిల్ల! బెత్తం ఒక్కటే తక్కువండీ."

లిడియా పెదవి కొరుక్కుంది. నవ్వాపుకుంటోంది, అనుకుంది రమ్య.

యేసమ్మ మెడ తుడుచుకుంది. "లిడియా, ఇదేనా నొక్కాల్సింది? ఒక్క మాట చెప్పమ్మా."

"మీకేది అనిపిస్తే అది నొక్కండి అత్తయ్యా."

యేసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లిడియా గోడ గడియారం చూసి, ఆ టైము కూడా రాసుకుంది.

"ఛీ!" అంది రమ్య పైకే. "దాహంతో అల్లాడుతున్న మనిషి ముందు నీళ్ళ చెంబు పట్టుకుని తమాషా చూసినట్టుంది నీ వరస. ఆదివారం చర్చికి ఏ మొహం పెట్టుకుని వస్తావు?"

లిడియా ఇంకాసేపు రాసింది. కాగితం చింపి, సంతకం పెట్టి, అప్పుడే లోపలికొచ్చిన అప్పారావు చేతికిచ్చింది.

అప్పారావు గీతలు లెక్కపెట్టాడు.

"పదిహేడు తప్పులా! ఇంక నేను చెప్పేదేముంది యేసమ్మా, సొంత కోడలే రాసిచ్చాక?"

యేసమ్మ లేచింది. మౌస్‌కి అంటిన తడిని కొంగుతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టింది.

"పోన్లెండి బాబుగారూ. అమ్మాయికి ఉద్యోగమన్నా వస్తుంది."

రమ్య గబుక్కున ముందుకొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది. ఈ జన్మలో వదిన చేతి అన్నం ముట్టకూడదనుకుంది.

"ఉండండమ్మా," అన్నాడు అప్పారావు.

గీతలన్నిటి కింద ఇంకో వాక్యం ఉంది. కళ్ళజోడు సర్దుకుని లోలోపల చదువుకున్నాడు. లిడియా వైపు ఒకసారి చూశాడు. తర్వాత అందరికీ వినపడేలా చదివాడు.

"యేసమ్మ గారి తప్పు ఒక్కటీ లేదు, ఈ పదిహేడూ తెర గీసిన నావి, కాబట్టి దయచేసి ఈ తెరని షెడ్డులో పెట్టకండి."