తలకిందుల పిల్లి

“‘ఈసారి జిగురులో లవంగం తగ్గింది.’ చదివావా?” అంటూ బొమ్మలక్క ఉత్తరాన్ని చెల్లెలి ముందుకు తోసింది.

పార్శిళ్ళ మీద చిరునామాలు అంటిస్తున్న చెల్లెలు తలెత్తింది. “అయితే?”

“జిగురులో లవంగం వేస్తానని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. నాకూ, నీకూ.”

బొమ్మలక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జపాను నుంచి పీచు తేలిన పల్చటి కాగితాలు తెప్పించి, కవర్లు చేసి అమ్మడం ఆమె పని. ఆ కాగితాల మీద అచ్చేసిన బొమ్మలుంటాయి: గొడుగు పట్టిన కుందేళ్ళు, మబ్బు మీద కునికే పిల్లులు, బుగ్గలు ఎరుపెక్కిన ఎలుగుబంట్లు. కత్తిరింపు మొదలుకొని మూత మడత దాకా అంతా తన చేత్తోనే జరగాలి. బియ్యప్పిండి జిగురు కూడా తానే కాస్తుంది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు లవంగాల పొడి వేస్తుంది. ఆ చిటికెడు సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

కాగితాల పిచ్చి ఉన్నవాళ్ళు ఆమెకు మురిసిపోతూ ఉత్తరాలు రాస్తారు. ఈ ఒక్కామె మాత్రం వేరు. నెలనెలా డజను కవర్లు కొంటుంది. ఏ బొమ్మ కావాలంటే “మీ ఇష్టం” అంటుంది. వారం తిరక్కుండా తెల్లకాగితం మీద టైపు చేసిన ఉత్తరం వస్తుంది, అదీ ఖాకీ కవర్లో. ‘ఎడమ మూల వెంట్రుకవాసి లేచింది.’ ‘నాలుగోది తొందరలో మడిచారు.’ ‘కాగితం మార్చారు, పాతదే మేలు.’ పదకొండు నెలల్లో ఒక్క పిల్లిని బాగుందనలేదు, ఒక్క కుందేలును మెచ్చుకోలేదు. పైగా ఎత్తిచూపిన తప్పులన్నీ నిజాలే. మంట అక్కడే.

“బొమ్మ ఊసే ఎత్తని మనిషి బొమ్మ కోసం కొనడం లేదే. నా పనితనం కాజేయడానికి కొంటోంది. లోపలి మనిషి సాయం లేకుండా లవంగం దాకా రాదు.”

చెల్లెలు అంటించడం ఆపింది. “అంటే నేను చెప్పాననా?”

“మరి గాలి చెప్పిందా?”

చెల్లెలు చిరునామాల కట్ట బల్ల మీద పెట్టేసి చెప్పులేసుకుంది. “నీ జిగురు నువ్వే కాచుకో, నీ పార్శిళ్ళు నువ్వే కట్టుకో అక్కా.”

నాలుగు రోజులైనా ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పార్శిళ్ళు కుప్పపడ్డాయి. బొమ్మలక్కకు ముద్ద దిగలేదు. అయినా అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు కదా, అది మాత్రం రోజురోజుకూ ఒళ్ళు చేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ చిరునామా పట్టుకుని బయల్దేరింది. రంగు వెలిసిన మేడ, రెండో అంతస్తు. తలుపు ఓరగా తీసి ఉంది. ఆమె గొంతు సవరించుకునేలోపే లోపల్నుంచి పిలుపు వినిపించింది.

“బొమ్మలక్కగారేనా? రండి. కుర్చీ మీ కుడిపక్కనే ఉంది.”

బొమ్మలక్క గుమ్మంలోనే ఆగిపోయింది. తన ఫోటో ఎక్కడా పెట్టదు. ఎన్నడూ చూడని మనిషి ఎలా పోల్చింది? చెల్లెలు గుర్తులతో సహా చెప్పేసిందన్నమాట.

కిటికీకి వీపు పెట్టి, బల్ల ముందు యాభై ఏళ్ళామె కూర్చుని ఉంది. వెలుతురు వెనకనుంచి పడడంతో ముఖం సరిగా ఆనలేదు. చేతిలో పని ఆపలేదు, తలెత్తనూ లేదు. ‘ఎంత పొగరు’ అనుకుంది బొమ్మలక్క. అప్పుడు బల్ల వైపు చూసింది. తను ఇన్నాళ్ళూ పంపిన కవర్లన్నీ అక్కడున్నాయి. అంటించిన చోటల్లా విప్పదీసి, చేపను చీరినట్టు బల్లపరుపుగా పరిచి ఉన్నాయి.

“పట్టపగలే దొరికిపోయారు,” అంది.

“విప్పానండీ. విప్పకపోతే ఎలా నేర్చుకునేది?” ఆ గొంతులో బెరుకు లేదు.

“నేర్చుకుని దుకాణం పెడతారా?”

“దుకాణమా? పదకొండు నెలలుగా తంటాలు పడుతున్నా మీ కవరులాంటిది ఒక్కటీ కుదరలేదు. ఒక్కటి చేయగలిగితే చాలు.”

“లవంగం సంగతి మా చెల్లెలే కదా చెప్పింది?”

“మీకు చెల్లెలుందా? నాకు చెప్పింది మీ జిగురే. మూత తెరిస్తే వాసన తగులుతుంది. ఇందాక మీరు గుమ్మంలోకి రాగానే అదే వాసన.”

బొమ్మలక్క తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఏళ్ళ తరబడి ఆ వాసనలోనే మునిగి ఉన్న తన ముక్కు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. చెల్లెలు తల వంచుకుని చెప్పులేసుకున్న తీరు కళ్ళముందు కదిలింది.

“ఇది నిన్న కొత్త కాగితంతో చేశాను. నేను మీకు రాసినట్టే మీరూ మొహమాటం లేకుండా చెప్పండి,” అంటూ ఆమె ఒక కవరు చాపింది.

బొమ్మలక్క అందుకుని తిప్పి చూసింది. మూలలు సూదిమొనల్లా కలిశాయి. మూత అతికించినట్టు లేదు, కాగితంతోపాటే పుట్టినట్టుంది. తన చెయ్యి ఇంత శుభ్రంగా ఎన్నడూ మడవలేదు. కానీ పైన బొమ్మ లేదు, ఉత్త తెలుపు. మూత ఎత్తి చూస్తే లోపల ఉంది పిల్లి, అదీ తలకిందులుగా. చల్లారబోతున్న అనుమానం మళ్ళీ రాజుకుంది.

“మడత నాకన్నా మీదే బాగుంది. కాదనను,” అంది. “మరి పిల్లిని లోపల దాచి, తలకిందులుగా వేలాడదీశారేం? నన్ను వెక్కిరించడానికా?”

“పిల్లా? కుందేలు కాగితం కావాలని కొట్లో చెప్పి మరీ తెప్పించుకున్నానే.” ఆమె చేతులు మొదటిసారి ఆగాయి. “నేను ఓడిపోతున్నది అక్కడేనండీ. ప్రతి ఉత్తరంలోనూ అడుగుదామనుకుని, సిగ్గేసి మానుకున్నాను. బొమ్మ ఏ వైపున్నదీ వేలికి తెలిసే గుర్తేమైనా ఉందా?”

“వేలికెందుకు? చూస్తే తెలుస్తుంది కదా.”

ఆమె నొచ్చుకోలేదు. నవ్వి, కవరు కోసం చెయ్యి చాపింది.

“నాకు పుట్టుకతోనే చూపు లేదండీ.”